కడప బండా, కార్బన్ సైకిలూ

మూడు వారాలు నా సైకిలు కిర్రుమంటూనే ఉంది. నాకు వినపడలేదని కాదు. వినపడిన ప్రతిసారీ చైనుకు నాలుగు చుక్కల నూనె పోశాను. తగ్గకపోతే పెడళ్లు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. అప్పటికీ తగ్గకపోతే "సర్లే, పాతది గదా" అని వదిలేశాను. 2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం చీకటితోనే బయల్దేరి గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. పైన పాలకోవా తిని, ఘాట్ దిగి, చింతకొమ్మదిన్నె దాటి కడపలోకి వచ్చాను. ఇల్లు ఇంకా రెండు వీధులుందనగా స్పీడ్ బ్రేకర్ మీద నా కింద సీటు లేకుండా పోయింది.

ఎండుకట్టె విరిచినట్టు టప్పుమని ఒక్క చప్పుడు, అంతే. సీటు, దాని కింది పైపులో పైముక్క రోడ్డు మీద పడి దొర్లాయి. ఫ్రేములో మిగిలిన ముక్క చీలిన వెదురులా పైకి నిలబడి ఉంది, దాని మీదికే నేను దిగాను. తొడకు తొమ్మిది కుట్లు పడ్డాయి. కుట్ల కన్నా ఆ నూగు ఎక్కువ ఏడిపించింది. బొమ్మజెముడు కాయ కోసినోళ్లకు తెలుసు, చేతికి గుచ్చుకున్న నూగు కంటికి కనపడదు గానీ బట్ట తగిలితే చురుక్కుమంటుంది. కార్బన్ పోగులు అచ్చం అంతే. నెల తర్వాత కూడా ఒకటీ అరా బయటికి వస్తానే ఉన్నాయి. ఆస్పత్రిలో నర్సమ్మ పట్టకారుతో లాగుతూ "ఏం గుచ్చుకునింది సార్ ఇది, చీపురా?" అని అడిగింది. లక్ష రూపాయల సైకిలని చెప్పడానికి నోరు రాలేదు.

అరగంట ముందు అదే సీటు మీద, అదే పైపు మీద, యాభై కిలోమీటర్ల వేగంతో ఘాట్ మలుపులు దిగాను. వెనక టమాటా లారీ. విన్నవాళ్లందరూ ఈ మాట దగ్గర ఆగి "దేవుడున్నాడు" అంటారు. నాకు మాత్రం ఆ మూడు వారాల కిర్రే గుర్తొస్తుంది.

ఈ కథ చెప్పగానే జనం రెండు గుంపులవుతారు. మొదటి గుంపు మా కాలేజీ స్టాఫ్ రూము. "ప్లాస్టిక్ సైకిలుకు లక్ష పోసినావంటే నీకు బుద్ధి ఉండాదా?" రెండో గుంపు నాతో ఆదివారాలు తొక్కే మిత్రులు. "నువ్వు సరిగ్గా చూసుకోలేదన్నా, కార్బన్‌ది ఏం తప్పు లేదు." ఈ ఇద్దరితోనూ అప్పటినుంచీ వాదిస్తానే ఉన్నాను. ఇద్దరూ మాట్లాడేది బలం గురించి. నా తగాదా బలంతో కాదు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఎవరికి తెలుస్తుంది, ఎట్ల తెలుస్తుంది అన్నదానితో.

ముందు స్టాఫ్ రూముకు జవాబు చెప్తాను. కార్బన్ బలహీనం కాదు. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన ఏడు, అంటే తలవెంట్రుకలో పదో వంతు. అట్లాంటివి వేల కొద్దీ కలిపి ఒక పీచు, ఆ పీచులు వరసగా పరిచి ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి ఒక పొర, పొర మీద పొర వేసి అచ్చులో కాలిస్తే ఒక ఫ్రేము. జపాన్ టోరే కంపెనీ టీ700 అని ఒక రకం పోగు చేస్తుంది. లాగి తెంపడానికి దానికి 4,900 మెగాపాస్కల్స్ ప్రతిబలం కావాలి. మన ఇళ్ల శ్లాబుల్లో వేసే కమ్మి 500కో 600కో చేతులెత్తేస్తుంది. పోగు బరువేమో ఉక్కులో పావు వంతు కూడా ఉండదు. 1981లో మెక్‌లారెన్ వాళ్లు ఎంపీ4/1 రేసు కారులో డ్రైవరు కూర్చునే తొట్టిని దీనితోనే కట్టారు. ఆ ఏడాదే ఇటలీలోని మోంజా పందెంలో జాన్ వాట్సన్ దాన్ని రోడ్డు పక్క కంచెకేసి కొట్టినా నడుచుకుంటూ బయటికొచ్చాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ బంగారు పతకం గెలిచింది లోటస్ వాళ్ల కార్బన్ సైకిలు మీద. ప్లాస్టిక్ అని నవ్వేవాళ్లు ఈ సంగతులు ఒకసారి చూసి నవ్వాలి.

ఇంక ఇరవై ఏళ్లుగా నేను ఇంటర్ పిల్లలకు చెప్పే పాఠం. ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపక అవధి. ఉక్కు తీగను ఎంత లాగితే ఎంత సాగుతుందో బోర్డు మీద గీత గీస్తాను. కొంతదూరం తిన్నగా పోతుంది, తర్వాత వంగుతుంది, సాగుతుంది, ఇరవై శాతానికి పైగా సాగి అప్పుడు తెగుతుంది. ఆ వంగిన భాగమే ఉక్కు మనకు ఇచ్చే నోటీసు. కార్బన్ గీత తిన్నగా, నిటారుగా, ఉక్కు కంటే ఎంతో ఎత్తుకు పోతుంది. రెండు శాతం సాగిందో లేదో, అక్కడే ఆగిపోతుంది. గీతలో వంపే లేదు. ఇంత తెలిసినవాడివి ఎట్ల పడ్డావని మీరు అడగొచ్చు, మా ఆవిడ రోజూ అడుగుతుంది.

గీత ఒక్కటే అయితే భయం లేదు. తయారుచేసేవాళ్లు ఆ హద్దుకు చాలా కింద ఉండేలా లెక్కేస్తారు. మామూలుగా తొక్కినంత మాత్రాన మంచి కార్బన్ అలిసిపోదు కూడా. చిన్న బరువైనా సరే, చాలినన్నిసార్లు పడితే ఎప్పటికో పగులు పుట్టేది అల్యూమినియానికి. అసలు చిక్కు పొరల మధ్య ఉంది. పోగుల వెంబడి ఎంత బలమో, పొరకూ పొరకూ మధ్య అంత బలహీనం. అక్కడ పోగులు లేవు, పట్టి ఉంచేది రెసిన్ ఒక్కటే.

కడప వాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. మన కాళ్ల కింద ఉండేదే అది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కు గనుల్లో నాపబండ ఎట్ల తీస్తారో చూసినారా? నిలువునా కొడితే సుత్తి ఎగిరి మీద పడుతుంది. అంచున, పొర ఉన్న చోట ఉలి పెట్టి వరసగా చిన్న దెబ్బలు వేసుకుంటూ పోతే పుస్తకంలో పేజీ విప్పినట్టు పలక లేస్తుంది. అదే బండ, అదే బలం, దెబ్బ దిక్కు మారిందంతే. కార్బన్ పైపుకు పక్క నుంచి రాయి తగిలినా, సైకిలు ఒరిగి మెట్టు అంచుకు కొట్టుకున్నా లోపల జరిగేది ఇదే. పై పొర మీద రంగు కూడా చెదరకపోవచ్చు. దెబ్బ లోపలికి పోయేకొద్దీ గరాటాలా విచ్చుకుని, కింది పొరల్లో పగుళ్లు పైకంటే వెడల్పుగా ఉంటాయి. విమానాల ఇంజనీర్లు దీనికో పేరే పెట్టుకున్నారు, కనీకనపడని దెబ్బ అని.

నా సైకిలుకు ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు ఇప్పటికీ ఖాయంగా తెలియదు. అనుమానాలున్నాయి. 2022లో బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. "ఒక్కసారి కూడా పడలేదు సార్" అన్నాడు. అబద్ధమని అనను, తెలియకపోవచ్చు. ప్రైవేటు బస్సు డిక్కీలో పంపించాడు. తెల్లారి నాలుగింటికి నేను వెళ్లి చూసేసరికి సైకిలు అడ్డంగా పడుకుని ఉంది. పైన ఎవరిదో మిక్సీ పెట్టె, దాని మీద రెండు బియ్యం మూటలు. అవి జారకుండా క్లీనర్ పిల్లోడు నైలాను తాడు సైకిలు పై పైపుకే చుట్టి, కాలు అదిమిపెట్టి బిగించాడు. వాని తప్పేముంది? వాడు పుట్టినప్పటినుంచి చూసిన సైకిళ్లన్నీ అట్లాంటి వంద మూటలు మోసినవే. మా వీధి పాలాయన సైకిలుకు రెండు పక్కలా నిండు క్యాన్లు వేలాడతాయి. అది తొక్కడానికి ఇరవై కిలోలు, బతకడానికి నలభై ఏళ్లు.

ఆ పాలాయన సైకిలే ఒకసారి ఎద్దులబండిని గుద్దుకుంది. ముందు ఫోర్కు వెనక్కి వంగిపోయి చక్రం ఫ్రేముకు రాసుకుంటోంది. మా వీధి చివర సైకిల్ షాపు భాయ్ దాన్ని విప్పి, గడప సందులో ఇరికించి, తొక్కిపట్టి లాగి, ఒంటికన్ను మూసి చూసి, మళ్లీ లాగి, అరగంటలో ఇచ్చేశాడు. ఇంకోసారి వంగితే మారుద్దామన్నాడు. బొటనవేలితో వెల్డింగు అతుకు మీద రుద్ది, పెయింటు పొక్కు కింద తుప్పు ఉందా పగులు ఉందా చెప్పగలడు ఆయన. యాభై ఏళ్లుగా వేళ్లతోనే చదువుతున్నాడు. నా సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్లకు చూపు లేకుండా పోయింది.

ఇప్పుడు చెప్పేది ఆయన మీద ఫిర్యాదు అనుకోకండి. నా సీటు పైపు జారుతుండేది. పది కిలోమీటర్లు తొక్కేసరికి అంగుళం కిందికి దిగేది. భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పైపు బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, గ్రీజు పట్టించి లోపలికి తోశాడు. ఉక్కు పైపుకు అది నూటికి నూరుపాళ్లు సరైన పని, లేకపోతే తుప్పు పట్టి అతుక్కుపోతుంది. కార్బన్ పైపుకు గ్రీజు పూస్తే ఇంకా జారుతుంది. జారిందని ఎల్లెన్ కీతో ఇంకొంచెం బిగించాడు. మర్నాడు మళ్లీ జారింది. ఈసారి నేనే "గట్టిగా బిగించు భాయ్" అన్నాను. కీ చివర చిన్న ఇనుప గొట్టం తొడిగి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. "ఇంక యాడికి పోతాది సార్!" అన్నాడు. నిజమే, జారలేదు. ఆ తర్వాత వారానికి కిర్రు మొదలైంది.

ఆ బోల్టు దగ్గర ఫ్రేము మీద చీమ తలంత అక్షరాల్లో ఐదు న్యూటన్ మీటర్లు అని రాసి ఉంది. దాని అర్థం ఏమిటంటే, పది సెంటీమీటర్ల పొడవున్న కీ చివర ఐదు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే ఎంత తిరుగుతుందో అంతే తిప్పాలి, ఆపైన వద్దు. మామూలు మనిషి చెయ్యి దానికి మూడు నాలుగింతలు అవలీలగా తిప్పుతుంది. గొట్టం తొడిగితే లెక్కే లేదు. ఆ బిగింపు పట్టు కింద పైపు గుండ్రం నలిగి, పొరలు విడిపోయి ఉంటాయి. విరిగింది సరిగ్గా అక్కడే. అసలు చేయాల్సిందేమిటంటే, సన్నటి ఇసుకలాంటి గరుకు కలిపిన ఒక పేస్టు దొరుకుతుంది, అది పూస్తే తక్కువ బిగింపుతోనే పట్టు దొరుకుతుంది. చిన్న ట్యూబు, నాలుగైదు వందలు. ఆ పేస్టు సంగతి నాకు తెలియదు, భాయ్‌కి తెలియదు, సైకిలు అమ్మినాయన చెప్పలేదు. ఫ్రేము మీద అక్షరాలేమో చెప్పాయి, కానీ ఇంగ్లీషులో, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడనంత గొంతుతో.

ఉక్కుకు మంచి చేసే చేతివాటమే కార్బన్‌కు చెడు చేస్తుంది. చేసినవాడు నిర్లక్ష్యంగా చేయలేదు, తనకు తెలిసినంతలో శ్రద్ధగా చేశాడు. "నువ్వు సరిగ్గా చూసుకోలేదన్నా" అనే నా మిత్రులకు నేను చెప్పాలనుకునేది ఇదే. బాగా చూసుకోవడం వల్లే విరిగింది.

ఇక "విమానాలకు వాడే మెటీరియల్ అన్నా" అన్న మాట. కార్బన్ సైకిలు అమ్మే ప్రతివాడి నోటా ఈ మాట ఉంటుంది. నిజమే, బోయింగ్ 787లో, ఎయిర్‌బస్ ఏ350లో బరువులో దాదాపు సగం ఈ జాతి పదార్థమే. కానీ విమానానికి నిచ్చెన తగిలినా, సామాన్ల బండి రాసుకున్నా ఆ సంగతి రాసిపెట్టాలి, చూసేవాడు వచ్చి చూడాలి, అవసరమైతే అల్ట్రాసౌండ్ పెట్టి లోపలి పొరలు వెతకాలి. అప్పటిదాకా అది లేవదు. ఆ మెటీరియల్‌తో పాటు ఆ కాపలా కూడా కట్టించుకున్నారు వాళ్లు. నాకు మాత్రం మెటీరియల్ ఇచ్చి, కాపలా బెంగళూరులో వదిలేశారు. గువ్వలచెరువు ఘాట్‌లో పొగ కక్కుతూ ఎక్కే ముసలి లారీకి కూడా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది. అది ఎట్ల వస్తుందో నన్ను అడగొద్దు, కానీ కాగితమైతే ఉంటుంది. సైకిలుకు ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం ఉంది. లక్ష సార్లు పెడల్ తొక్కినట్టు యంత్రంతో నొక్కుతారు, 22.5 కిలోల దిమ్మె పైనుంచి జారవిడుస్తారు. కఠినమైన పరీక్షలే. అవన్నీ ఫ్యాక్టరీలో, కొత్త ఫ్రేముకు. బస్సు డిక్కీలోంచి దిగిన ఫ్రేముకు ఏ పరీక్షా లేదు.

మంచం మీదున్న నెలల్లో చదవడం తప్ప పని లేకపోయింది. లేచి తిరగడం మొదలుపెట్టాక జూన్‌లో టైటన్ వార్త వచ్చింది. టైటానిక్ చూడ్డానికి ఐదుగురిని తీసుకుని మునిగిన చిన్న జలాంతర్గామి, కార్బన్ గొట్టంతో కట్టింది, నీళ్లలోనే నలిగిపోయింది. టీ బంకు దగ్గర నన్ను చూసిన ప్రతివాడూ "నీ సైకిలు సామానే గదా సార్ అది?" అనేవాడు. నవ్వొచ్చేది, కాలు నొప్పీ వచ్చేది. సైకిలు పైపుకూ, చుట్టూ సముద్రం నొక్కే గొట్టానికీ పోలిక పెట్టడం తప్పు, పనులే వేరు. కానీ తర్వాత విచారణలో బయటపడిన ఒక సంగతి చదివి పేపరు పక్కన పెట్టేశాను. 2022 జులైలో ఒకసారి మునిగి పైకి వస్తుండగా లోపలివాళ్లకు పెద్ద చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గొట్టానికి తగిలించిన సెన్సార్ల లెక్కలు మునుపటిలా లేవు. అయినా మళ్లీ దింపారు. వాళ్లకు సెన్సార్లున్నాయి, నాకు చైను నూనె ఉంది.

ఇంతా చెప్పి లోహాన్ని దేవుణ్ణి చేయడం లేదు. 2006లో ఫ్రాన్స్‌లో పారిస్–రూబే సైకిలు పందెంలో అమెరికా పందెగాడు జార్జ్ హింకాపీ హ్యాండిలు పట్టుకున్న చేతులతోనే ఊడొచ్చింది, ఆయన రోడ్డు పక్క గడ్డిలో భుజం మీద పడ్డాడు. ఆ వీడియో చూసి "కార్బన్ చూడు" అనేవాళ్లున్నారు. విరిగింది అల్యూమినియం స్టీరర్, అంటే హ్యాండిలును ఫోర్కుకు కలిపే పైపు. అంతకు ముందే అదే పందెంలో ఆయన ఒకసారి పడ్డాడు. 2023 సెప్టెంబరులో షిమానో కంపెనీ అమెరికా, కెనడాల్లో 7,60,000 క్రాంకులను, అంటే పెడళ్లు తగిలించే కాడలను, వెనక్కి పిలిచింది. అవీ అల్యూమినియమే, రెండు భాగాలు జిగురుతో అతికించినవి, ఆ అతుకు విడిపోతోంది. ఒక్క అమెరికాలోనే 4,519 విడిపోయినట్టు ఫిర్యాదులు. కాబట్టి లోహమూ దాస్తుంది, ముఖ్యంగా జిగురు దగ్గర. కానీ అక్కడ కూడా చూడండి, ఆ రెండు కథల్లోనూ బోల్టులూ వెల్డింగులూ చదివే పాత కన్ను పనికిరాని చోటే విరిగింది.

కార్బన్ కథల్లో నాకు ఎక్కువ గుర్తుండేది నెదర్లాండ్స్ పందెగాడు మాథ్యూ వాన్ డెర్ పోల్‌ది. 2021 మార్చిలో బెల్జియంలో లె సామిన్ పందెం చివర్లో ఆయన హ్యాండిలు కుడి కొమ్ము విరిగి వేలాడింది. అట్లే తొక్కుతూ తన జట్టువాడు టిమ్ మెర్లియే గెలవడానికి దారి చేశాడు. తయారుచేసిన క్యాన్యన్ కంపెనీ ఆ మోడలు కొన్నవాళ్లందరినీ తొక్కడం ఆపమంది. మోడలు అంగట్లో దొరికేదే, కానీ ఆయనది జట్టు మెకానిక్‌లు కడిగి తుడిచి చూసే సైకిలు. వాళ్ల కళ్లకే దొరకలేదు.

మధ్యలో ఒక సందేహం తీర్చి ముందుకు పోతా. "మన కడప ఎండకు కార్బన్ కరగదా సార్?" కరగదు. మే నెలలో తలుపులేసిన కారులో పెట్టినా ఆ వేడి రెసిన్‌ను కాల్చిన వేడికి చాలా కిందే ఉంటుంది. వేడి భయం ఒక్క చోట ఉంది, రిమ్ముకు రబ్బరు రాసుకునే పాతకాలం బ్రేకులున్న కార్బన్ చక్రాలతో ఘాట్ దిగేవాళ్లకు. బ్రేకు వదలకుండా పట్టుకుని దిగితే రెసిన్ మెత్తబడి రిమ్ము అంచు ఉబ్బుతుంది. డిస్కు బ్రేకులున్నవాళ్లకు ఆ బాధ లేదు. ఎండ కన్నా మన చెమట ప్రమాదం. అల్యూమినియం పైపు కార్బన్ ఫ్రేములో ఉండి మధ్యలోకి ఉప్పు నీళ్లు దిగితే అది చిన్న బ్యాటరీ అవుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా విప్పి తుడవండి.

కాలు నయమయ్యాక విరిగిన సైకిలును ఎర్రగుంట్లకు తీసుకుపోయాను. అక్కడ మా మేనమామకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఊరికే చూపిద్దామని కారు వెనక వేసుకుపోయానంతే. మామ సీటు పైపు ముక్కను ఎండలో తిప్పి తిప్పి చూశాడు. విరిగిన చోట పొరలు లెక్కపెట్టాడు. "ఇది మన బండే గదరా!" అన్నాడు. తర్వాత ఫ్రేమును తలకిందులుగా నిలబెట్టి, చేతికున్న వెండి ఉంగరంతో పైపు పొడవునా టక్కు టక్కుమని కొట్టుకుంటూ పోయాడు, కుండ కొనేటప్పుడు అమ్మ కొట్టి చూసేది, అట్ల. గనిలో వాళ్ల లెక్క ఒకటుంది. బండ కంగుమంటే ఇంట్లోకి, బొద్దుమంటే గొడ్ల కొట్టంలోకి. పై పైపు మీద తాడు కట్టిన చోటు దాటగానే ఆగాడు. "ఈడ ఇను అల్లుడూ. డొల్ల ఉండాది." నాకు తేడా తెలియలేదు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారి తెలిసింది. కింద క్రాంకు దగ్గర ఇంకో చోట కూడా డొల్ల అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది, రిపేరు చేసేవాళ్లు కూడా మొదట ఇదే చేస్తారు, ఉంగరం బదులు రూపాయి బిళ్ల. దీన్నే నమ్ముకుని ఉండకూడదు. ఫ్రేములో ఒక్కో చోట పొరల సంఖ్య ఒక్కోలా ఉంటుంది, మందం మారినా చప్పుడు మారుతుంది. పెద్ద డొల్ల దొరుకుతుంది, చిన్న చీలిక దొరకదు. ఖాయంగా కావాలంటే అల్ట్రాసౌండే. కానీ మా మామ చెవి ఈ సైకిలు గురించి చెప్పినంత, అమ్మినాయన చెప్పలేదు, డబ్బు తీసుకున్నప్పుడు నేను అడగలేదు.

అందుకే కార్బన్ కొనొద్దని నేను చెప్పను. చెప్పేవాణ్ణయితే ఇప్పుడు నా సైకిలుకు ముందు ఫోర్కు కార్బన్‌ది ఉండేది కాదు. ఫ్రేము ఉక్కుది, సీటు పైపు అల్యూమినియం, ఫోర్కు మాత్రం కార్బన్, అదీ కొత్తది, నా కళ్ల ముందు పెట్టె విప్పింది. దాని పుట్టుక నాకు తెలుసు, పడితే ఎప్పుడు పడిందో తెలుస్తుంది. ఎవరి దెబ్బలు ఎవరికీ తెలియని సెకండ్ హ్యాండ్ కార్బన్ మాత్రం మన ఊళ్లలో కొనొద్దంటాను, కనీసం చూసి చెప్పే మనిషి మన ఊరికి వచ్చేదాకా. కొన్నవాళ్లు గట్టిగా ఒక్కసారి పడితే హ్యాండిలూ సీటు పైపూ మార్చేయండి, పైకి ఎంత బాగున్నా. రెండూ కలిపి ఒక రాత్రి ఆస్పత్రి బిల్లంత కావు. ఫ్రేము పగిలినా పారేయక్కర్లేదు, పగులు చుట్టూ పలచగా సానబట్టి, కొత్త గుడ్డ పొరలు రెసిన్‌తో వేసి కాలిస్తే నిలబడుతుంది, తెలిసినవాడు చేస్తే. ఇక కిర్రుమంటే, ఇంటికి నడిపించుకు రండి.

ఆదివారం బ్యాచిలో మేము పదకొండు మందిమి. చందాలు వేసి ఒక టార్క్ రెంచి కొన్నాం, అనుకున్న బిగువు రాగానే టిక్కుమంటుంది. నా ఇంట్లో పెట్టుకోకుండా భాయ్ షాపులో పెట్టాను. మొదటి రోజు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బోల్టుకు తగిలించి, టిక్కుమనగానే ఆగి నా మొహం చూశాడు. "ఇంతేనా సార్? ఇది బిగించినట్టా?" "ఇంతే భాయ్." నమ్మలేదు. నేను అటు తిరగగానే ఇంకో పావు చుట్టు తిప్పబోయాడు, చూశాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు కొత్త సైకిళ్ల పిల్లలకు ఆయనే చెప్తాడు, "టిక్కుమన్నాక చెయ్యి తీసెయ్ నాయనా, అది సున్నితం" అని. పేస్టు ట్యూబు గ్రీజు డబ్బాకు దూరంగా, పై అరలో పెట్టాడు.

పాత ఫ్రేము ఏడాది మా మిద్దె మీద పడి ఉంది. కిందటేడు అనంతపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, ఎవరో నంబరిచ్చారట. "ఫ్రేము బాగానే ఉందంట గదన్నా, ఇరవై వేలిస్తా." విరిగింది సీటు పైపే, ఫ్రేము చూడ్డానికి మెరుస్తూనే ఉంది. ఇరవై వేలంటే నా కుట్ల ఖర్చు తిరిగొచ్చేది. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రి ఆ ఇరవై వేలతో ఏమేం చేయొచ్చో లెక్క కూడా వేశాను, దాచడం ఎందుకు.

మర్నాడు దాన్ని మళ్లీ ఎర్రగుంట్లకు వేసుకుపోయాను. మామ బండలు కోసే యంత్రానికి నీళ్లు వదిలి, నన్ను మూతికి గుడ్డ కట్టుకోమని, తాను డొల్ల అన్న రెండు చోట్లా అడ్డంగా కోశాడు. నల్లటి బురద కారింది. క్రాంకు దగ్గర ఏమీ లేదు, పొరలన్నీ ముద్దలా ఒక్కటిగా ఉన్నాయి. పై పైపులో మాత్రం, తాడు కట్టిన చోటుకు జానెడు దూరంలో, లోపలి రెండు పొరల మధ్య గీత ఉంది. మామ జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఆ గీతలో పెట్టాడు. టికెట్టు నిలబడింది.

"ఒకటి కరెక్టు, ఒకటి తప్పు" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "బండల్లో అయితే రెండూ కరెక్టు చెప్పేవాణ్ణి."

ఆ ముక్క ఇప్పుడు భాయ్ షాపులో మేకుకు వేలాడుతుంది, టికెట్టుతో సహా.